పటాన్‌చెరు దాకా రాని నవల

తెలుగు నవల పనైపోయిందన్న మాట నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. సభల్లో పెద్దలు అంటారు. ముందుమాటల్లో రాస్తారు. కొత్తగా ఏం వచ్చాయని అడిగితే పుస్తకాల షాపులో కూర్చున్నాయన కూడా అదే అంటాడు. నేనీ మాట ఒప్పుకోను. గడిచిన పాతికేళ్లలో వచ్చిన నవలల్లోంచి ఓ పది ఏరి పక్కన పెడితే ఏ భాషవాళ్ల ముందైనా ధీమాగా చూపించవచ్చు. నా బాధ వేరే. ఆ పదిలో ఒక్కటి కూడా నేను బతికే చోటికి రాలేదు. మన నవల నల్లమలలోకి పోయింది, అనంతపురం పాలెగాళ్ల కాలంలోకి పోయింది, పాతబస్తీ గల్లీల్లో తిరిగింది, సముద్రం ఒడ్డుకు పోయింది. లింగంపల్లి దాటి ముంబయి రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు మాత్రం రాలేదు.

ఆ కొంచెం ముందర ఏముందో తెలియనివాళ్లకు చెప్తాను. రామచంద్రాపురంలో భెల్, ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్, కందిలో ఐఐటీ ఉన్నాయి. వీటి చుట్టూ పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. మందుల కంపెనీలు, ఇనుము కంపెనీలు, రంగుల కంపెనీలు, ప్లాస్టిక్ కంపెనీలు. ఏ షిఫ్టు, బి షిఫ్టు, నైటు. ఇస్నాపూర్ చౌరస్తాలో పొద్దున నిలబడితే తెలుగుతో పాటు హిందీ, ఒడియా, బెంగాలీ, భోజ్‌పురి వినిపిస్తాయి. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది కానీ, మా దగ్గర జనం ఇప్పటికీ ఊరి పేరు కంటే ముందు కంపెనీ పేరు చెప్తారు. ‘ఏం చేస్తున్నవ్’ అంటే ‘కంపెనీల పోతున్న’ అనే జవాబు.

నేనూ అట్లా పోయేదాన్నే. ఒక మందుల కంపెనీలో క్వాలిటీ ల్యాబ్‌లో పని. నా చదువంతా కంపెనీ బస్సులోనే. బీరంగూడ కమాన్ దగ్గర ఎక్కితే గేటు దాకా ముప్పావు గంట. ఆ ముప్పావు గంటలో పక్క సీట్ల వాళ్లు నిద్రపోతారు, నేను పుస్తకం తెరుస్తాను. నైటు షిఫ్టు తిరుగు ప్రయాణంలో అక్షరాలు అలుక్కుపోతాయి కనుక అప్పుడు చదవను. ఇంట్లో వంట, పిల్లల హోంవర్కు, నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూపు. వీటి మధ్య చదివే మనిషికి నవల నిడివి పెద్ద సమస్య కాదు, నవల పట్టు ముఖ్యం. రెండు రోజులు మూసిపెట్టి మూడో రోజు తెరిస్తే మళ్లీ లోపలికి లాక్కుపోవాలి. నా తీర్పులన్నీ ఈ పరీక్ష మీద ఆధారపడ్డవేనని ముందే చెప్పేస్తున్నాను.

ఈ ప్రాంతంలో చదివేవాళ్లు లేరనుకుంటే పొరపాటు. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సభ 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది జోగిపేటలో. ఆ జోగిపేట ఇప్పుడు మా జిల్లాలోనే ఉంది. తెలుగు చదువుకోసం, గ్రంథాలయం కోసం కొట్లాడిన నేల ఇది. ఆ కాలపు గ్రంథాలయోద్యమంలో తిరిగిన వట్టికోట ఆళ్వారుస్వామే తర్వాత ‘ప్రజల మనిషి’ రాశాడు. ఇప్పటి సంగతికి వస్తే, మా ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు అన్నం తినేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ప్రతిలిపి యాప్‌లో సీరియళ్లు వింటారు. భాగాలు ఎక్కడ ఆగాయో ఒకరికొకరు చెప్పుకుంటారు, పాత్రల మీద తగవు పడతారు. ‘ఆమె ఎందుకు ఊకున్నది అక్కా, నేనైతే చెప్పు తీసుకుందును’ అని ఒకామె నాతో అన్న మాట ఏ విమర్శకుడి వాక్యానికీ తీసిపోదు. మా అమ్మల తరం వారపత్రికల్లో యద్దనపూడి సులోచనారాణి కోసం ఎట్లా ఎదురుచూసిందో వీళ్లూ అట్లాగే ఎదురుచూస్తున్నారు. కథ మీద ఆకలి ఎక్కడికీ పోలేదు. ఆ ఆకలికి మంచి నవలను అందించే దారులే తెగిపోయాయి.

తెగిపోయిన దారుల్లో నాకు ఎక్కువ బాధ కలిగించింది ‘చతుర’. 1978 నుంచి నెలకొక నవల, బస్టాండు కొట్టులో కొనుక్కునే ధరకు. 2021లో ఆగిపోయింది. కొత్త రచయిత రాసిన 100 పేజీల నవల ఏ పరిచయం లేని పాఠకుడి చేతిలోకి నేరుగా వెళ్లే దారి అది. ఆ తర్వాత నవల ఎక్కువగా పుస్తకంగానే వస్తోంది. పుస్తకం అంటే హైదరాబాద్ పోవాలి, కాచిగూడలో నవోదయకో, డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పెట్టే బుక్ ఫెయిర్‌కో. లేదంటే ఫోన్‌లో ఆర్డర్ పెట్టాలి. ఏది కొనాలో ముందే తెలిసినవాడికే ఈ దారులు పనికొస్తాయి. తెలియనివాడికి తెలియజేసేది ఏదీ మిగలలేదు.

ఇక నవలల సంగతి.

ఇన్నేళ్ల చదువులో నాకు ఒకటి బలంగా అనిపించింది. మన మంచి నవలలన్నీ ఏదో ఒక పనిని దగ్గరగా ఎరిగినవాళ్లు రాసినవే. గొర్రెలు కాయడమో, ఎలుగును ఆడించడమో, డప్పు కొట్టడమో, సేద్యమో. ఆ పని ఎట్లా చేస్తారో, ఏ ఘడియలో ఏ ప్రమాదం ఉందో, చేతికి ఏ కాయ కాస్తుందో తెలిసినప్పుడు పాత్ర తనంతట తాను లేచి నిలబడుతుంది. పని తెలియక సమస్య మాత్రమే తెలిసినప్పుడు రచయిత పాత్ర చేత ఉపన్యాసం చెప్పిస్తాడు. మన నవలల్లో మంచికీ చెడుకూ మధ్య గీత నా మటుకు నాకు ఇక్కడే ఉంది. కులం, వర్గం, ప్రాంతం, స్త్రీ అన్న విభజనలు విమర్శకులకు అవసరం కావచ్చు. బస్సులో చదివే నాకు రచయితకు పని తెలుసా లేదా అన్నదే తేడా.

పెద్దింటి అశోక్‌కుమార్ ‘జిగిరి’ తీసుకోండి. ఇమాం అనే పేద ముస్లిం, అతను పెంచిన షాదుల్ అనే ఎలుగుబంటి. ఎలుగును వదిలించుకుంటే భూమి వస్తుందన్న ఆశ ఇంట్లోకి వస్తుంది. అక్కడి నుంచి ఆ ఇల్లు రెండుగా చీలుతుంది. దీన్ని జంతుప్రేమ కథగా చెప్పి ఊరుకోవచ్చు, కన్నీళ్లు పెట్టించవచ్చు. అశోక్‌కుమార్ ఆ పని చేయలేదు. ఎలుగును ఎట్లా పట్టుకోవాలి, ఎట్లా తిండి పెట్టాలి, దాని కోపాన్ని మనిషి ముందుగా ఎట్లా పసిగడతాడు, ఊరి జనం ముందు దాన్ని ఆడించేటప్పుడు ఇమాం గొంతు ఎట్లా మారుతుంది అన్నవన్నీ కళ్లకు కట్టాడు. అందుకే షాదుల్‌ను చంపాలన్న మాట ఆ ఇంట్లో పుట్టినప్పుడు మనం ఎవరి పక్కా తీసుకోలేం. భూమి కావాలనేవాడిది తప్పని అనలేం. ఎలుగును వదలననేవాడిది పిచ్చని అనలేం. చిన్న నవల. నా లెక్కలో 2000 తర్వాత తెలంగాణ నుంచి వచ్చిన నవలల్లో దీనికే మొదటి పీట.

ఈ పుస్తకాన్ని మా బాయిలర్ ఆపరేటర్ ఒకాయనకు ఇచ్చాను. నారాయణఖేడ్ వైపు మనిషి, చిన్నప్పుడు ఊళ్లోకి ఎలుగును పట్టుకుని వచ్చేవాళ్లను చూశాడు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అట్టను చేత్తో తుడిచి ఇచ్చి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: ‘మేడం, ఎలుగు సంగతి ఇంత ఎరుకున్నోడు మా బాయిలర్ సంగతి రాస్తే ఎట్లుంటదో. దానికి గూడ కోపమొస్తది. ముందుగాల్నే సప్పుడు మారుతది. ఆ సప్పుడు మాకే ఎరుక.’ విమర్శ చదివి నేర్చుకోలేనిది ఆ ఒక్క మాటలో నాకు దొరికింది. బాయిలర్ చప్పుడు మారడాన్ని చెవితో పట్టే మనిషి తెలుగు నవలలో నాకు ఇంతవరకు ఎదురుకాలేదు.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2019లో అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా బహుమతి పొందింది, రెండేళ్లకు సినిమా కూడా అయింది. సినిమా చూసి నవల వదిలేసినవాళ్లు నష్టపోయారు. కరువు కాలంలో కడప కాపరులు గొర్రెలను అడవికి తోలుకుపోవడం, ఉద్యోగం దొరకని ఇంజనీరింగ్ పిల్లవాడు తండ్రి వెంట పోవడం, పులి భయం. కథ ఇంతే. కానీ మందను రాత్రి ఎట్లా కాపలా కాస్తారు, అడవిలో నీళ్ల జాడ ఎట్లా కనిపెడతారు, పులి వచ్చిందని గొర్రె ఎట్లా చెప్తుంది అన్న వివరాలు ఇందులో ఉన్నంతగా మరెక్కడా చదవలేదు. నాకు నచ్చనిదీ ఉంది. ఆ పిల్లవాడు అడవిలో నేర్చుకున్న ధైర్యం అతని ఉద్యోగానికి మెట్టుగా మారడం. చదువుకున్నవాడు గెలిచాడన్న ముగింపు పాఠకుడికి తృప్తినిస్తుంది, నిజమే. అడవిలోనే మిగిలిన ఆ తండ్రి తరం కాపరుల సంగతేమిటి అన్న ప్రశ్న మాత్రం నవల నుంచి జారిపోయింది. ఇక్కడ మా దగ్గర బీటెక్ చదివి కెమికల్ ప్లాంటులో కాంట్రాక్టు కింద చేరిన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లకు ఏ అడవీ ధైర్యం నేర్పదు, ఏ పులీ ఎదురుపడదు. వాళ్ల కథకు ముగింపు రాయడం ఇంకా కష్టం.

ఈ దారికి పెద్ద దిక్కు డాక్టర్ కేశవరెడ్డి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ బతికిన మనిషి, చిత్తూరు జిల్లా పల్లెల్ని రాశాడు. ‘అతడు అడవిని జయించాడు’ పాత నవలే. అయినా కొత్తగా రాయాలనుకునే ప్రతి ఒక్కరికీ చదివించాల్సింది అదే. తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి పోతాడు. ఒక రాత్రి. ఒక మనిషి, ఒక జంతువు, చీకటి. ఇంతలో నవల అయిపోతుంది. ఉపన్యాసం లేదు, రచయిత అడ్డు రాడు. ఆయన చాలా తర్వాత రాసిన ‘మునెమ్మ’ మీద పెద్ద చర్చే జరిగింది. ఆడవాళ్ల కోణం నుంచి వచ్చిన అభ్యంతరాల్లో కొన్నింటితో నేను ఏకీభవిస్తాను. కానీ కథ నడిపే పట్టు ఆయనకు ఉన్నట్టు ఇంకెవరికీ లేదు. 2015లో ఆయన పోయాక ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.

చారిత్రక నవల గురించి క్లుప్తంగా చెప్తాను. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. 18వ శతాబ్దపు రాయలసీమ, హండే పాలకులు, కరువు, బసివి ఆచారం. చరిత్రలో రాజుల పేర్లే మిగులుతాయి, ఆయన వాళ్ల కాళ్ల కింద నలిగినవాళ్లను పైకి తెచ్చాడు. మధురాంతకం నరేంద్ర ‘మనోధర్మపరాగం’కు 2022లో అదే అవార్డు. సంగీతం, నాట్యం బతికించిన దేవదాసీ కుటుంబాల తరాల కథ. రెండూ గొప్ప శ్రమతో రాసినవి. ఓల్గా ‘గమనమే గమ్యం’ డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ జీవితాన్ని ఆధారం చేసుకుని స్వాతంత్ర్యోద్యమాన్ని ఆడవాళ్ల వైపు నుంచి చూపింది. అయితే ఒక అనుమానం నన్ను వదలదు. మన పెద్ద రచయితలు ఇంత మంది ఒకేసారి గతంలోకి ఎందుకు పోతున్నారు? గతం మీద పుస్తకాలు దొరుకుతాయి, శాసనాలు దొరుకుతాయి, మనుషులు ఎదురు చెప్పరు. ఇవాళ్టి మనుషుల దగ్గరికి పోవాలంటే వాళ్ల మధ్య కూర్చోవాలి.

భాష విషయంలో 2000 సంవత్సరం పెద్ద మలుపు. ఆ ఏడే వేముల ఎల్లయ్య ‘కక్క’, జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ వచ్చాయి. ‘కక్క’ నల్లగొండ మాదిగవాడ మాటను ఏ సర్దుబాటూ లేకుండా కథనానికే భాషగా పెట్టింది. మొదటి 20 పేజీలు కష్టం. ఆ తర్వాత ఆ భాష తప్ప ఇంకో భాషలో ఆ కథ ఊహకు రాదు. ‘అంటరాని వసంతం’ రూతు జ్ఞాపకాల్లోంచి తరాలను నడిపిస్తుంది. ఉరుముల నాట్యం, వీధి భాగవతం, క్రైస్తవం, విప్లవం దాకా. ముగింపు భాగం నాకు తొందరపడినట్టు అనిపిస్తుంది. కానీ ఎల్లన్న కళ నేర్చుకునే పేజీలు చదివినవాడు వాటిని మరిచిపోడు. అవి పని తెలిసిన పేజీలు. అయిదేళ్లకు వచ్చిన పరవస్తు లోకేశ్వర్ ‘సలాం హైదరాబాద్’ తెలుగులో దక్కనీ ఉర్దూను కలిపి నడిచింది. పటాన్‌చెరు నవల రాయాలంటే ఈ మూడు పుస్తకాలూ దారి చూపుతాయి. మా రియాక్టర్ దగ్గర సూపర్‌వైజర్ తెలుగులో మొదలుపెట్టి హిందీలో తిట్టి మళ్లీ తెలుగులో సముదాయిస్తాడు. ఒడిశా పిల్లవాడు మూడు నెలల్లో ‘బస్తా దించు’, ‘వాల్వు మూయి’ నేర్చుకుంటాడు. ఈ మాటను యథాతథంగా కాగితం మీద పెట్టే ధైర్యం ‘కక్క’ ఇచ్చింది. వాడుకున్నవాళ్లే లేరు.

సాఫ్ట్‌వేర్ నవలలు కొన్ని వచ్చాయి. అద్దంకి అనంతరామ్ ‘రామ్@శృతి.కామ్’ యువత చేత మళ్లీ తెలుగు పుస్తకం కొనిపించింది, అందుకు గౌరవం ఉంది. ప్రేమకథగా చదివిస్తుంది. ఆ ఆఫీసులో పని ఏమిటో మాత్రం పుస్తకం మూసేదాకా స్పష్టం కాదు. కొత్త ప్రచురణ సంస్థలు వచ్చాక యువ రచయితలకు ఊపిరి ఆడుతోంది. ప్రసాద్ సూరి ‘మైరావణ’కు 2025లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం రావడం, అంతకు ముందటి ఏడాది రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు రావడం మంచి గుర్తులు. తండా నుంచీ సముద్రతీరం నుంచీ పిల్లలు రాస్తున్నారు. షిఫ్టు నుంచి మాత్రం ఇంకా ఎవరూ రాయలేదు.

అసలు తెలుగులో కార్మికుడి నవల లేదా అని అడగొచ్చు. ఉంది. సింగరేణిలో ఉంది. అల్లం రాజయ్య కథలు, తుమ్మేటి రఘోత్తమరెడ్డి ‘నల్లవజ్రం’, పి. చంద్ ‘హక్ యాహీ’ బొగ్గుబావి మనిషిని తెలుగు సాహిత్యంలో నిలబెట్టాయి. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాలేదో నేను చాలా ఆలోచించాను. సింగరేణి ఒకే కంపెనీ. కార్మికుడు అందులోనే చేరి అందులోనే రిటైరయ్యాడు. క్వార్టర్లలో పక్కపక్కనే బతికారు, ఒకే భాషలో మాట్లాడుకున్నారు, యూనియన్ ఉంది, సమ్మెలు ఉన్నాయి, పాట ఉంది. రచయితలు ఆ కుటుంబాల్లోంచే వచ్చారు. ఇక్కడ వందల కంపెనీలు. పర్మనెంటు మనుషులు తగ్గి కాంట్రాక్టు పెరిగింది. మేస్త్రీ తెచ్చిన మనిషి ఆరు నెలలకు ఇంకో కంపెనీకి పోతాడు, హోలీకి ఊరికి పోయినవాడు తిరిగి రాకపోవచ్చు. ఒక గదిలో ఎనిమిది మంది పడుకుంటారు, వాళ్లలో ఇద్దరు నైటు, ఇద్దరు పగలు. ఒకరి కథ ఇంకొకరికి తెలిసేంత కాలం ఎవరూ ఒకచోట ఉండరు. గేటు లోపల ఫోన్ కూడా తీసుకుపోనివ్వరు. బయటి రచయిత లోపలికి రాలేడు, లోపలి మనిషికి రాసే తీరిక లేదు. కారణాలు ఇవి. కారణాలు తెలిసినంత మాత్రాన లోటు తీరదు.

లోటు ఎంత పెద్దదో చెప్తాను. ఈ నేల మీద యాభై ఏళ్లుగా జరిగినదంతా నవల కోసం కాచుకుని ఉంది. జొన్న, కంది, శనగ పండిన పొలాలు పారిశ్రామిక ఎస్టేట్లయ్యాయి. భూమి ఇచ్చిన ఇంటి పిల్లవాడికి అదే స్థలంలో లేచిన కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం దొరికితే సంతోషించిన కుటుంబాలు నాకు తెలుసు. కంపెనీల వ్యర్థాలతో నక్కవాగు రంగు మారింది. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు రైతుల వెంట నిలబడ్డారు. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తర్వాత ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో యాంటీబయాటిక్ మందులు అసాధారణ స్థాయిలో ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటిస్తే ప్రపంచమంతా పటాన్‌చెరు పేరు చదివింది. శాస్త్ర పత్రికల్లో మా ఊరు ఉంది. కోర్టు తీర్పుల్లో ఉంది. తెలుగు నవలలోనే లేదు. చంద్రలత ‘రేగడి విత్తులు’ విత్తనం చుట్టూ రైతు జీవితాన్ని అంత విస్తారంగా రాసి 1997లో తానా బహుమతి అందుకుంది. ఆ రైతు తర్వాతి తరం ఏ కంపెనీ బస్సు ఎక్కిందో చెప్పే రెండో నవల రాలేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు. పత్రికలు కొన్ని రోజులు రాశాయి. డీఎన్‌ఏ పరీక్షల కోసం నెత్తురు ఇచ్చి ఎదురుచూసిన తల్లిదండ్రుల గురించి చదివి నేను బస్సులో పుస్తకం తెరవలేకపోయాను. వార్త మృతుల సంఖ్య చెప్తుంది, పరిహారం చెప్తుంది. డ్రయ్యర్ దగ్గర నిలబడ్డ మనిషికి ఆ పొద్దున భార్య ఫోన్‌లో ఏం చెప్పిందో, టిఫిన్ డబ్బాలో ఏముందో, పక్కవాడి డ్యూటీ తను ఎందుకు తీసుకున్నాడో వార్తకు పట్టదు. అది పట్టేది నవలకే. నవల ఆ పని చేయకపోతే ఆ మనుషులు సంఖ్యగానే మిగిలిపోతారు. ఇది నేను ఆవేశంతో అంటున్న మాట కాదు.

బయటి ప్రపంచంలో ఈ పని చేసినవాళ్లున్నారు. గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు తెలుగులోకి తెచ్చాక, తెలుగు పాఠకుడు మొదటిసారి ఫ్యాక్టరీ సైరన్ విన్నది ఆ రష్యన్ నవలలోనే. మన ఇళ్లలో గోర్కీ తల్లి తెలుసు, మన ఫ్యాక్టరీ తల్లి తెలియదు. అమెరికాలో అప్టన్ సింక్లెయిర్ 1904లో షికాగో మాంసం ఫ్యాక్టరీల మధ్య కొన్ని వారాలు తిరిగి ‘ది జంగిల్’ రాశాడు. 1906లో పుస్తకం వచ్చింది, ఆ ఏడే అక్కడ ఆహార చట్టాలు మారాయి. ఆయన బయటి మనిషే. గేటు బయటి నుంచి వచ్చినా పని చూసి, అడిగి, వినిపించుకుని రాయవచ్చనడానికి ఆయనే సాక్ష్యం. మలయాళంలో బెన్యామిన్ 2008లో ‘ఆడుజీవితం’ రాశాడు. గల్ఫ్‌లో మేకల మధ్య చిక్కుకుపోయిన కూలీ కథ. బెన్యామిన్ తానూ బహ్రెయిన్‌లో ఉద్యోగం చేసినవాడు. కేరళ ఆ నవలను నెత్తిన పెట్టుకుంది. ఒడిశా నుంచి ఇస్నాపూర్ వచ్చిన పిల్లవాడికి పటాన్‌చెరే గల్ఫ్. అతని కథ తెలుగులో రావాలా, ఒడియాలో రావాలా అన్న మీమాంస అక్కర్లేదు. అతను చెమటోడ్చేది ఇక్కడ కనుక మన భాషకూ బాధ్యత ఉంది.

ప్రచురణ గురించి రెండు ఫిర్యాదులు చెప్పకుండా ఉండలేను. మొదటిది ఎడిటింగ్. 300 పేజీల నవలలో పాత్ర పేరు మధ్యలో మారిపోతుంది, మొదటి అధ్యాయంలో చనిపోయిన మామ పదో అధ్యాయంలో పెళ్లికి వస్తాడు, అచ్చుతప్పులు పేజీకి రెండు. మా ల్యాబ్‌లో ఒక దశాంశం తప్పయితే బ్యాచ్ మొత్తం ఆపేస్తాం. రచయిత అయిదేళ్లు రాసిన దానికి ఒక మంచి ఎడిటర్ రెండు నెలలు ఇవ్వలేడా? రెండోది ముందుమాటలు. నలుగురు పెద్దలు కలిసి కథంతా ముందే చెప్పేస్తారు, చివర్లో ఏమవుతుందో కూడా. నేను ఇప్పుడు ముందుమాటలు వదిలేసి మొదటి అధ్యాయానికి పోతున్నాను. కొత్త పాఠకులకూ అదే చెప్తాను.

బహుమతుల వల్ల నవల బతికిందని ఒప్పుకుంటాను. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు పెట్టిన పోటీలు లేకపోతే ‘రేగడి విత్తులు’, ‘శప్తభూమి’, ‘కొండపొలం’ మనకు ఇంత త్వరగా అందేవి కావు. వాళ్లకు ఒక మనవి. వచ్చే పోటీని ఒక్కసారి పని మీద పెట్టండి. ఫ్యాక్టరీ, గోదాం, ఆసుపత్రి, డెలివరీ బండి, కాల్ సెంటర్, ఏదైనా సరే. 21వ శతాబ్దపు తెలుగువాడు పొద్దున్నించి రాత్రిదాకా ఏం చేస్తాడో చెప్పే నవల అడగండి.

రచయితలకు మనవి. సమస్య కోసం రాకండి, పని చూడటానికి రండి. ఇస్నాపూర్ చౌరస్తాలో టీ బండి దగ్గర, షిఫ్టు మారే వేళల్లో, కొన్ని వారాలు నిలబడండి. అడిగితే చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, అడిగినవాళ్లే లేరు.

కంపెనీల్లో పనిచేసే మనవాళ్లకు అంతకంటే గట్టిగా చెప్తున్నాను. బ్యాచ్ రికార్డులో ఏ గంటకు ఏం కలిపామో, వేడి ఎంతకు చేరిందో, ఎవరు చూశారో రాసి సంతకం పెట్టే అలవాటు మనకు ఉంది. రాయనిది జరగనట్టే లెక్క అని చేరిన మొదటి రోజే నేర్పుతారు. అదే చేత్తో ఇంకొక నోటుబుక్కు తెరవండి. బాయిలర్ చప్పుడు ఎట్లా మారుతుందో రాయండి, నైటు షిఫ్టులో మూడు గంటలకు మీ పక్కవాడు ఏం మాట్లాడాడో రాయండి, మీ మాటలోనే రాయండి. వ్యాకరణం సంగతి తర్వాత చూసుకుందాం. చదవడానికి, దిద్దడానికి, నలుగురికి చూపించడానికి మాలాంటి వాళ్లం ఉన్నాం. రాసిన పేజీలు ఈ పత్రిక చిరునామాకు పంపండి.